సీనియర్లు ముందు.. జూనియర్లు వెనక!

చలికాలంలో కోనసీమ వెళ్తే కరెంటు తీగల మీద బారులు తీరిన చిన్న పిట్టల్ని చూసే ఉంటారు. నీలినలుపు వీపు, ఇటుక రంగు గొంతు, చీలిన తోక. పేరు బార్న్ స్వాలో. బరువు 20 గ్రాములే!

ఎండలు ముదిరేలోపు ఇవి హిమాలయాలకు, ఇంకా ఉత్తరానికి వెళ్లిపోతాయి. కానీ అన్నీ ఒకేసారి చేరవు. సాధారణంగా ముందు పెద్ద మగవి, తర్వాత ఆడవి. ఏడాది పిట్టలు ఇంకా ఆలస్యం. ముందెళ్లిన మగదానికి గూటికి మంచి చోటు, జోడీ దొరుకుతాయి. మరీ ముందెళ్తే? చలికి పురుగులు ఎగరవు, ఆకలితో చావే! అందుకే ఈ రిస్కు అనుభవం ఉన్నవే తీసుకుంటాయి.

కోడ్ రాసుకునే నన్ను ఆశ్చర్యపరిచింది వేరే ఉంది. తోక పొడుగున్న మగదాన్నే ఆడది ఇష్టపడుతుంది. ఆ ఈకలు కొత్తగా మొలిచేది చలికాలం గడిపే చోట, అంటే మన వరి చేల దగ్గరే! ఇక్కడ పురుగులు కరువైతే అక్కడికి చేరడమే లేటవుతుంది. పురుగుమందు అతిగా కొడితే నష్టం మన పొలంతో ఆగదన్నమాట.

ఈసారి తీగల మీద కనిపిస్తే ఫోన్‌లో జూమ్ చేయండి. తోక చివర సన్నటి పొడుగు ఈకలుంటే పెద్ద మగది కావచ్చు. పొట్టి తోక, వెలిసిన రంగైతే కుర్రది కావచ్చు. తేదీతో సహా ఈబర్డ్ యాప్‌లో పెట్టేయండి!