గ్యాస్ లేని గదిలో గుత్తి గుమ్మడి!

గల్ఫ్‌లో చాలా క్యాంపుల్లో గదిలో గ్యాస్ పొయ్యి పెట్టనివ్వరు. ఉమ్మడి వంటగదిలో వంతు రావాలంటే గంట ఆగాలి. మెస్‌లో తినేవారికి ఆ తిప్పలు లేవు గానీ నోటికి రుచి కరువు. అందుకే ఈమధ్య రూమ్మేట్లు తలా కొంత వేసుకుని ఎయిర్ ఫ్రైయర్ కొంటున్నారు. కొన్నాక చేసేదేమిటి? చికెన్ ముక్కలు, ఫ్రోజెన్ సమోసాలు, ఆలుగడ్డ చిప్స్.. అంతే! అదే మెషీన్లో గుత్తి వంకాయ చేసుకున్నంత కమ్మగా గుమ్మడికాయ కూరుకుని వండుకోవచ్చు. నూనె రెండు మూడు చెంచాలు మించదు. అయితే కాయ, కారం ఎంత ముఖ్యమో గోడకున్న ప్లగ్గు కూడా అంతే ముఖ్యం. ఆ సంగతీ చెప్పుకుందాం.

పేరులో ఫ్రై ఉంది గానీ ఇది నూనెలో వేయించే మూకుడు కాదు. పైన వేడెక్కే కాయిల్, దాని మీద ఫ్యాను, కింద జల్లెడలాంటి బుట్ట. వేడిగాలి కాయ చుట్టూ వేగంగా తిరుగుతుంది. ఒక రకంగా చిన్న ఓవెన్ అన్నమాట. 2010లో ఫిలిప్స్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చాక మిగతా కంపెనీలూ అందుకున్నాయి.

ఏ కాయ కొనాలి?

మన ఊళ్లో గుమ్మడి అంటే రెండున్నాయి. గుమ్మానికి కట్టేది, వడియాలు పెట్టేది బూడిద గుమ్మడి. సంక్రాంతికి దప్పళంలో పడేది తీపి గుమ్మడి. మనకు కావాల్సింది రెండోది. బూడిద గుమ్మడిలో నీరు మరీ ఎక్కువ, ఈ వంటకు పనికిరాదు.

సూపర్ మార్కెట్లో పెద్ద గుమ్మడిని ముక్కలు కోసి అమ్ముతారు. ఆ ముక్కల్లో కూరడం కష్టం. వాటి పక్కనే సొరకాయ ఆకారంలో, లేత గోధుమ రంగులో ఉండే చిన్న కాయ కనిపిస్తుంది. అదే బటర్‌నట్. అది కూడా తీపి గుమ్మడి జాతిదే. కిలో అటూఇటూ ఉన్నది తీసుకోండి. గోరు గుచ్చితే దిగకూడదు, తొడిమ ఎండి ఉండాలి, చేతిలో బరువుగా అనిపించాలి. కోయని కాయ ఫ్రిజ్ లేకున్నా చల్లటి చోట నెల రోజులు నిలుస్తుంది. ఆరుగురికి ఒకే ఫ్రిజ్ ఉన్న రూముల్లో ఇదేం తక్కువ లాభం కాదు!

కాయ తెమ్మని రూమ్మేట్‌కు చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఢిల్లీ వైపు వాళ్లు తీపి గుమ్మడినే సీతాఫల్ అంటారు. మలయాళీలకు అది మత్తంగ, తమిళులకు పరంగికాయ. అరబ్బు దుకాణంలో ఖరా అని అడగాలి. కూరగాయల్లో అన్నం, కీమా కూరి వండటం అరబ్బులకు కొత్త కాదు. వాళ్లు మహ్షీ అనేది అదే. కాకపోతే వాళ్లు ఎక్కువగా వాడే కూసా పల్చటి తొక్క కాయ, తొందరగా ఉడుకుతుంది. గుమ్మడి గట్టిది, దాని పద్ధతి వేరు.

కోసేటప్పుడు తొందర వద్దు

ఈ వంటలో చెయ్యి తెగేది ఇక్కడే. కాయ గుండ్రంగా ఉండి జారుతుంది. చాపింగ్ బోర్డు కింద తడి గుడ్డ పరవండి. ముందుగా కాయను నాలుగైదు చోట్ల కత్తి మొనతో గుచ్చి, మైక్రోవేవ్ ఉంటే రెండు మూడు నిమిషాలు పెట్టండి. తొక్క కాస్త మెత్తబడుతుంది. ఆరిన తర్వాత పై మెడ భాగాన్ని అడ్డంగా కోసి పక్కన పెట్టండి. మెడలో గింజలుండవు, లోపలంతా గట్టి గుజ్జే. కింది గుండ్రటి భాగాన్ని నిలువుగా రెండు చెక్కలు చేసి, చెంచాతో గింజలు, పీచు గీకేయండి. రెండు గిన్నెలు తయారు!

పచ్చి ముక్క చిన్నది నాలుక మీద పెట్టి చూడండి. గుమ్మడి చప్పగానో తియ్యగానో ఉండాలి. చేదు తగిలితే కాయ మొత్తం పారేయండి. ఆ చేదు వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది, ఉడికించినా పోదు.

ముందు కాయ.. తర్వాతే కూరు

చాలామంది గుత్తి వంకాయలాగే పచ్చి కాయలో కారం కూరి మెషీన్లో పెట్టేస్తారు. వంకాయ లేతది కాబట్టి సరిపోతుంది. గుమ్మడికి కుదరదు. దీంట్లో నూటికి 85 పాళ్ల పైన నీరే. కాయ ఉడికే లోపల ఆ నీరు ఊరి కారం కింద ముద్దవుతుంది, పైన గాలి తగిలి మాడిపోతుంది. అందుకే రెండు విడతలుగా చేయాలి.

మేము చెప్పే లెక్క నాలుగు లీటర్ల బుట్టకు. మొదటి విడతలో చెక్కల లోపల, అంచుల మీద చెంచా నూనె, చిటికెడు ఉప్పు రాసి, గుంట పైకి ఉండేలా బుట్టలో పక్కపక్కన పెట్టండి. 180 డిగ్రీల వేడిలో 20 నుంచి 25 నిమిషాలు. ఫోర్కు గుచ్చితే సులువుగా దిగాలి. దిగకపోతే ఇంకో ఐదు నిమిషాలు. గుంటలో నీరు చేరితే వంపేయండి.

రెండో విడతలో కూరు నింపి, చెంచాతో గట్టిగా అదిమి, పైన అర చెంచా నూనె వేయండి. వేడి 160కి తగ్గించి 8 నిమిషాలు పెడితే చాలు. పొడి వదులుగా ఉంటే ఫ్యాను గాలికి ఎగిరి కాయిల్‌కు అంటుకుని పొగ వస్తుంది. అందుకే అదమడం మర్చిపోవద్దు.

గుత్తి కారం ఇలా

రెండు చెక్కలకు పల్లీలు మూడు చెంచాలు, ఎండుకొబ్బరి తురుము రెండు చెంచాలు, నువ్వులు, ధనియాలు ఒక్కో చెంచా, జీలకర్ర అర చెంచా, ఎండుమిర్చి ఐదు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, చిన్న గోలీ అంత చింతపండు, తగినంత ఉప్పు. పల్లీలను ఫ్రైయర్లోనే 160 వేడిలో ఏడెనిమిది నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కదుపుతూ వేయించవచ్చు. నువ్వులు, కొబ్బరి మాత్రం అందులో వేయకండి, గాలికి లేచిపోతాయి. వాటిని, మిగతా దినుసులను ఉమ్మడి వంటగదిలో వంతు దొరికిన రోజున ఒకేసారి వేయించి, పొడి చేసి సీసాలో పెట్టుకుంటే నాలుగు వారాలు వస్తుంది. ఇంటి నుంచి వచ్చేవాళ్ల చేత కూర కారం తెప్పించుకుంటే మరీ మంచిది.

వండే రోజున నానిన చింతపండు గుజ్జు, సన్నగా తరిగి వేయించిన ఉల్లిగడ్డ ఆ పొడిలో కలిపి ముద్ద చేయండి. కాయ సహజంగానే తియ్యగా ఉంటుంది కాబట్టి బెల్లం వద్దు, కారం, పులుపు ఒక పాలు ఎక్కువే పడాలి. మాంసం తినేవారు పొడిగా వండిన కీమా కూర నింపుకోవచ్చు. పచ్చి కీమా, పచ్చి బియ్యం మాత్రం వేయొద్దు. ఎనిమిది నిమిషాల వేడిగాలికి అవి ఉడకవు. నిన్నటి కూర నింపితే, అది ఫ్రిజ్‌లో పెట్టిందే అయి ఉండాలి, నింపేముందు పొగలు వచ్చేలా వేడి చేయాలి.

పక్కన పెట్టిన మెడ భాగం? తొక్క తీసి ముక్కలు చేసి రైస్ కుక్కర్లో చింతపండు పులుసుతో ఉడికిస్తే మర్నాటికి దప్పళం. గింజలు కడిగి, బాగా ఆరబెట్టి, ఉప్పు కారం పట్టించి 160 వేడిలో పది నిమిషాలు ఉంచితే డ్యూటీలో నమలడానికి పనికొస్తాయి.

ప్లగ్గు దగ్గర పరాకు వద్దు

ఈ వంట ఎంత బాగున్నా ప్రాణం కన్నా ఎక్కువ కాదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనంలో మంటలు లేచి 50 మంది దాకా చనిపోయారు. అత్యధికులు మన దేశం వారే. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ముగ్గురు కూడా వారిలో ఉన్నారు. షార్ట్ సర్క్యూటే కారణమని అక్కడి అగ్నిమాపక శాఖ తేల్చింది. అందుకే ఈ లెక్క ఒకసారి చూడండి.

దుబాయ్, కువైట్‌లలో వాడే చదరపు మూడు పిన్నుల ప్లగ్గు 13 ఆంపియర్లది. అంటే దాదాపు 3,000 వాట్లు. ఎయిర్ ఫ్రైయర్ ఒక్కటే 1,500 వాట్లు లాగుతుంది. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు 700 వాట్ల రైస్ కుక్కర్, 2,000 వాట్ల కెటిల్ తగిలిస్తే 4,200 అయింది. వైరు వేడెక్కుతుంది, కరుగుతుంది. కాబట్టి ఫ్రైయర్‌ను నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. అది నడుస్తున్నంతసేపు కెటిల్ ఆపేయండి. వేడిగాలి వెనక నుంచి బయటికి వస్తుంది, గోడకు, కర్టెన్‌కు జానెడు దూరం ఉండాలి. మంచం మీద, దుప్పటి మీద పెట్టడం అసలే వద్దు. పొగ వస్తుందని పైనున్న స్మోక్ డిటెక్టర్‌కు ప్లాస్టిక్ కవర్ కట్టేవాళ్లున్నారు. అది అందరి ప్రాణాలకూ ముప్పు. గదిలో వంటే వద్దని క్యాంపు రూలు ఉంటే మెషీన్‌ను ఉమ్మడి వంటగదిలో పెట్టుకునేందుకు క్యాంప్ బాస్‌ను అడగండి. నలుగురూ కలిసి అడిగితే ఒక్కరు అడిగిన దానికంటే బరువు ఉంటుంది.

షుగర్ ఉన్నవారు ఎంత తినాలి?

తియ్యగా ఉంటుందని షుగర్ ఉన్నవాళ్లు గుమ్మడిని పూర్తిగా మానేయక్కర్లేదు. వంద గ్రాముల బటర్‌నట్‌లో పిండిపదార్థం దాదాపు 12 గ్రాములు. అంతే బరువు అన్నంలో 28 గ్రాముల దాకా ఉంటుంది. పైగా విటమిన్-ఎ తయారీకి అవసరమైన కెరొటిన్ పుష్కలం. కాకపోతే అన్నం తినేంత తిని, దాని మీద గుమ్మడి కూడా తింటే లాభం లేదు. అన్నం సగం తగ్గించి ఆ చోటు గుమ్మడికివ్వాలి. మందులు వాడేవారు వాళ్ల డాక్టర్ చెప్పిన కొలతే పాటించాలి.

ఒక కాయ ఇద్దరికి సరిపోతుంది. ఆరుగురున్న గదికి మూడు కాయలు, మూడు వాయిలు. మొదటి వాయి తిన్నవాళ్లు మూడో వాయికి కాయలు కోసిపెడితే గంటన్నర, రెండు గంటల్లో అందరి భోజనం అయిపోతుంది. వేడి వేడి చెక్కను తొక్కతోనే ప్లేటులో పెట్టుకుని, చెంచాతో గీకుతూ అన్నంలో కలుపుకోవచ్చు, ఖుబ్బూస్‌తో తినొచ్చు. బాగా కాలితే బటర్‌నట్ తొక్క కూడా మెత్తగానే ఉంటుంది, పారేయనక్కర్లేదు. ఈ సెలవు రోజున వండి చూడండి!