నడుమనున్న పెట్టె

రేడియో ప్రసారములో ఒక సుఖము కలదు. కేంద్రము పలుకును, మీ ఇంటి పెట్టె వినును. ఆ పెట్టె పాతదా, క్రొత్తదా, అసలున్నదా లేదా అని కేంద్రము విచారింపదు. టెలివిజనునకు చిత్రమును చేర్చు హెచ్.డి.ఎం.ఐ. కేబులు అట్టిది కాదు. ఇరువైపుల యంత్రములు ముందు మాటలాడుకొనిన పిమ్మటనే దానిలో చిత్రము నడచును. ఈ భేదమును గమనింపక మేము ఒక వివాహమును సగము పోగొట్టుకొంటిమి.

మా టెలివిజనునకు హెచ్.డి.ఎం.ఐ. పోర్టులు రెండు. అందొకటి చెడిపోయి చాలకాలమైనది. మిగిలిన ఒక్కదానిని సెట్ టాప్ బాక్సును, ఇంటర్నెట్టు ద్వారా చిత్రములు చూపు స్ట్రీమింగు స్టిక్కును పంచుకొనవలసి వచ్చుటచే, నడుమ ఒక చిన్న స్విచ్చు పెట్టెను కొని తగిలించితిమి. అమెరికాలో మా అన్నగారి కుమార్తె పెండ్లి. ప్రయాణము చేయలేని మా తల్లిగారు ఆ రాత్రి తెర యెదుట కూర్చుండిరి. జీలకఱ్ఱ బెల్లము వరకు అంతయు బాగుగనే యున్నది. మాంగల్యధారణ వేళకు తెర నల్లబడి ‘సిగ్నల్ లేదు’ అను మాట నిలిచినది. మరల చిత్రము వచ్చునప్పటికి తలంబ్రాలు ముగియుచున్నవి. “మంగళవాద్యమైనా వినబడలేదే!” అని ఆమె అనినారు. మరునాడు వచ్చిన మెకానిక్కు టెలివిజను బోర్డు మార్చవలయుననెను. డబ్బు చెల్లించుటకు ముందు మేమే కొంత పరీక్షించితిమి. టెలివిజనులో దోషమేమియు లేదు.

హెచ్.డి.ఎం.ఐ. కేబులులో 19 పిన్నులుండును. 18వ పిన్ను మీద స్టిక్కు 5 వోల్టుల విద్యుత్తును పంపును. అది అందగానే టెలివిజను 19వ పిన్ను ద్వారా తానున్నానని తెలుపును. అంతట స్టిక్కు, టెలివిజనులో నిక్షిప్తమైన ఇ.డి.ఐ.డి. అను పట్టికను చదువుకొనును. ఎంత స్పష్టత గల చిత్రమును, ఎట్టి ధ్వనిని టెలివిజను స్వీకరింపగలదో ఆ పట్టికలో నుండును. తరువాత హెచ్.డి.సి.పి. అను రహస్య సంకేతముల పరీక్ష జరుగును. చిత్రములకు దొంగప్రతులు తీయకుండ చేసిన కట్టుదిట్టమిది. నడుమ స్విచ్చు పెట్టె యున్నచో, సంబంధము కుదుర్చు పెద్దమనిషి వలె, ఇరువైపుల మాటలను అదియే తప్పులేక చేరవేయవలయును.

చవుక స్విచ్చులలో పెక్కింటికి సొంత విద్యుత్తు లేదు. స్టిక్కు పంపు ఆ 5 వోల్టులతోనే అవి బ్రతుకును. ఆ పిన్నుపై 55 మిల్లీ ఆంపియర్లు ఇచ్చిన చాలునని నియమము. అందులో స్విచ్చు తన పాలు తీసికొనగా మిగిలినది ఒక్కొక్కప్పుడు చాలదు. సంభాషణ తెగును, తెర నల్లబడును. మా ఇంట జరిగినది ఇదియే. వేరొక చిక్కు తనంతట తాను మారు స్విచ్చులతో వచ్చును. రిమోటుతో ఆపిన సెట్ టాప్ బాక్సు కూడ 5 వోల్టులను పంపుచునే యుండవచ్చును. స్విచ్చు దానిని చూచి అటు తిరుగును.

కావున మొదట స్విచ్చును తొలగించి స్టిక్కును నేరుగా టెలివిజనునకు తగిలింపుడు. ఒక గంట నిరాటంకముగా నడచినచో ఆ రెండును నిర్దోషులే. అప్పటికిని ఆగినచో స్విచ్చును నిందింపకుడు. స్టిక్కు విద్యుత్తు ఎక్కడి నుండి వచ్చుచున్నదో చూడుడు. చాలమంది టెలివిజను వెనుకనున్న యు.ఎస్.బి. పోర్టుకే దానిని తగిలింతురు. యు.ఎస్.బి. 2.0 పోర్టు ఇయ్యవలసినది 500 మిల్లీ ఆంపియర్లే. స్టిక్కుతో వచ్చిన అడాప్టరును గోడ ప్లగ్గులో పెట్టుటయే మేలు. స్విచ్చును మరల చేర్చునప్పుడు ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెను: అడాప్టరు, కేబులు, పిదప వేరొక పోర్టు. అన్నియు ఒక్కసారి మార్చినచో బాగుపడినను కారణము తెలియదు. ప్రతి మార్పునకు ముందు అన్నింటి ప్లగ్గులను తీసి, ఒక నిమిషము ఆగి, ముందు టెలివిజనును, పిదప స్విచ్చును, చివర స్టిక్కును వెలిగింపుడు.

జాబితాలు కనబడి, సినిమా మొదలుపెట్టగనే తెర నల్లబడినచో హెచ్.డి.సి.పి.ని అనుమానింపవలెను. 4కె సినిమాలు సాధారణముగా హెచ్.డి.సి.పి. 2.2ను కోరును. దానిని ఎరుగని పాత స్విచ్చునకు మరమ్మతు లేదు. స్టిక్కు సెట్టింగులలో చిత్రమును 1080పి.కి తగ్గించిన పెక్కుసార్లు పని జరుగును. తెరపై తెల్లని చుక్కలు మెరసినచో కేబులును చూడుడు. 2009 నాటి హెచ్.డి.ఎం.ఐ. 1.4 సెకనునకు 10.2 గిగాబిట్లు మోయును. సెకనునకు 60 ఫ్రేముల 4కె చిత్రమునకు 2013లో వచ్చిన 2.0 వారి 18 గిగాబిట్ల దారి కావలయును.

కొనునప్పుడు ఇంకొక జాగ్రత్త. స్ప్లిటరు ఒక చిత్రమును రెండు తెరలకు పంచును. స్విచ్చు రెండు పెట్టెలను ఒక తెరకు చేర్చును. చూపునకు రెండును ఒకే తీరున నుండును.

మా స్విచ్చు ప్రక్కన 5 వోల్టుల అడాప్టరునకు ఒక చిన్న రంధ్రము మొదటినుండియు కలదు. మేము చూడలేదు. అడాప్టరు తగిలించిన సాయంకాలము పెండ్లి రికార్డును మొదటినుండి పెట్టితిమి. మాంగల్యధారణ సమీపించినప్పుడు మా తల్లిగారు తెర వైపు గాక ఆ పెట్టె వైపే చూచుచుండిరి.