పేరు పెట్టకముందే ప్లాస్టిక్ చేరింది

2020 మార్చి 5న ‘జూటాక్సా’ అనే జంతు వర్గీకరణ పత్రికలో ఒక కొత్త జాతి వివరణ అచ్చయింది. పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధంలో దొరికిన, అరచేతిలో ఇమిడే జీవి అది. రొయ్యకు దూరపు చుట్టం. ఇలాంటి వివరణలు ఆ పత్రికలో ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, వాటిని చదివేది ఆ రంగంలోని నిపుణులే. దీని గురించి మాత్రం వార్తాపత్రికలు కూడా రాశాయి. కారణం ఆ జీవికి పెట్టిన పేరు: యూరిథెనీస్ ప్లాస్టికస్.

ఆ పేరు ఎందుకు పెట్టారో తర్వాత చూద్దాం. అసలు ఒక జీవిని ‘కొత్త జాతి’ అని ఎలా తేలుస్తారన్నది అంతకంటే ఆసక్తికరమైన కథ.

బీచ్‌లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును కాలితో కదిపితే, కింద నుంచి చిట్లినట్టు గెంతే చిన్న చిన్న జీవులు కనిపిస్తాయి. వాటిని ఆంఫిపాడ్‌లు అంటారు. రొయ్యలు, పీతలు ఉన్న క్రస్టేషియన్ల వర్గంలోనే ఇవీ ఉన్నాయి. అయితే రొయ్యకు తల, రొమ్ము భాగాలను కలిపి కప్పే పెంకు ఉంటుంది, వీటికి ఉండదు. ఒళ్లు రెండు పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది. ఏడు జతల కాళ్లలో మొదటి రెండు జతలు పట్టుకోవడానికి పనికొచ్చే కొక్కేల్లా మారాయి. ఆడది గుడ్లను నీళ్లలో వదిలేయదు, పొట్ట కింది సంచిలో మోస్తుంది. అందులోంచి బయటికొచ్చే పిల్ల అచ్చం తల్లి రూపంలోనే ఉంటుంది. ఆంఫిపాడ్‌లలో చాలావరకు బియ్యపు గింజంత, మహా అయితే సెంటీమీటరో రెండో ఉంటాయి. యూరిథెనీస్ ప్రజాతి వీటిలో భారీకాయులది. అందులో కొన్ని 154 మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. లోతు సముద్రంలో ఇవి పారిశుధ్య కార్మికుల్లాంటివి. పైనుంచి చచ్చి పడిన చేపనో తిమింగలాన్నో వాసన పట్టి, గుంపుగా చేరి తినేస్తాయి.

ఈ తిండి అలవాటే వాటిని పట్టిస్తుంది. ఎర పెట్టిన బోనులను ఒక చట్రానికి కట్టి, బరువులు వేసి ఓడ మీద నుంచి వదిలేస్తారు. దానికి తాడు ఉండదు. కొన్ని గంటలకు అడుగుకు చేరుతుంది. పని అయ్యాక ఓడ నుంచి శబ్ద సంకేతం పంపితే బరువులు ఊడిపోయి, చట్రం తనంతట తానే పైకి తేలుతుంది. 2014లో మరియానా అగాధంలో 6,010 నుంచి 6,949 మీటర్ల లోతులో ఇలా పట్టిన వాటిలోనే ఈ జీవి దొరికింది. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి, అక్కడ ఉండేది మన మీద ఉన్న గాలి ఒత్తిడికి ఆరు వందల రెట్లకు పైమాట. వెలుతురు సంగతి సరేసరి.

2014లో దొరికిన జీవికి 2020లో గానీ పేరు రాలేదు. ఎందుకింత ఆలస్యం? దానికి 1822 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆంఫిపాడ్ ఒకదానికి ‘గ్రిల్లస్’ అని పేరు పెట్టారు. లాటిన్‌లో కీచురాయి అని అర్థం. ఆ తర్వాత ప్రపంచంలో ఏ సముద్రం లోతుల్లో వల వేసినా ఇలాంటిదే దొరికేది. చూడటానికి ఒక్కలా ఉన్నాయి కదా అని అన్నింటినీ యూరిథెనీస్ గ్రిల్లస్ కిందే లెక్కేశారు. ధ్రువాల నుంచి ధ్రువాల దాకా, వందల మీటర్ల నుంచి వేల మీటర్ల లోతు దాకా ఒకే జాతి బతుకుతోందని పుస్తకాల్లోకి ఎక్కింది. నిజానికి అనుమానం రావాల్సిన మాటే. ఇంత తేడా ఉన్న పరిసరాల్లో ఒకే జాతి ఎలా ఉంటుంది? 1996లో జన్యు పరీక్షలు తొలి సందేహం లేపాయి. లోతు మారితే డీఎన్‌ఏ కూడా మారుతోందని తేలింది. 2013లో షార్లెట్ హావర్మాన్స్ బృందం వివిధ సముద్రాల నమూనాలను పోల్చి, ఆ ఒక్క పేరు కింద తొమ్మిది వేర్వేరు జాతుల స్థాయి వంశాలు ఉన్నాయని చూపింది. అంటే దాదాపు రెండు శతాబ్దాలు ఒకే రేషన్ కార్డు మీద తొమ్మిది కుటుంబాలు నడిచాయన్నమాట.

వంశాలు వేరని డీఎన్‌ఏ చెప్పినంత మాత్రాన జాతికి పేరు రాదు. అక్కడి నుంచే అసలు చాకిరీ మొదలవుతుంది. ఒక నమూనాను ఎంచుకుని, సూక్ష్మదర్శిని కింద దవడలు, మూతి భాగాలు, ఒక్కో కాలు, తోక పలక విడదీయాలి. ప్రతి భాగాన్నీ, దాని మీది ముళ్లు, నూగుతో సహా గీయాలి. వీపు నునుపుగా ఉందా, గట్టులా లేచిందా? కొక్కెపు కాలి పట్టు ఏ ఆకారంలో ఉంది? కాళ్ల మొదట్లో ఉండే పలకల అంచు ఎటు వంగింది? దగ్గరి జాతులన్నింటితో ఇవి పోల్చి, తేడా మాటల్లో చెప్పాలి. ఆ ఎంచుకున్న నమూనా ‘హోలోటైప్’ అవుతుంది. ఇకపై ఆ పేరుకు కొలబద్ద అదే. రేపు ఎవరికి సందేహం వచ్చినా తీసి చూసుకునేలా దాన్ని మ్యూజియంలో భద్రపరుస్తారు. పాత నమూనాలతో ఇక్కడో చిక్కుంది. చాలావాటిని ఫార్మలిన్‌లో నిల్వ చేశారు, ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. అందుకే ఇప్పుడు జన్యు పరీక్షకు ఉద్దేశించిన వాటిని ఆల్కహాల్‌లో దాస్తారు.

ఈ పద్ధతిలోనే 2015లో మూడు కొత్త జాతులు వెలుగులోకి వచ్చాయి. వాటిలో ఒకటి యూరిథెనీస్ అంధకారే. అవును, మన ‘అంధకారమే’. దక్షిణ సముద్రపు లోతుల్లో బతికే జీవికి సంస్కృతం నుంచి తీసుకున్న పేరది. నామకరణ నియమాలు ఏ భాష నుంచి తీసుకున్నా ఒప్పుకుంటాయి, పేరును లాటిన్ లిపిలో రాస్తే చాలు.

బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన జొహానా వెస్టన్, అలన్ జేమీసన్ బృందం మరియానా జీవి శరీర లక్షణాలను, రెండు మైటోకాండ్రియా జన్యు భాగాలను పోల్చి, అది ఈ ప్రజాతిలో తొమ్మిదో జాతి అని నిర్ధారించింది. ఆ పరీక్షల్లోనే ఒక జీవి పేగు చివరి భాగంలో మిల్లీమీటరు కూడా లేని పోగు ఒకటి కనిపించింది. పరారుణ కిరణాలతో పరీక్షిస్తే పీఈటీతో 83.74 శాతం పోలిక వచ్చింది. మంచినీళ్ల సీసాలు, పాలిస్టర్ బట్టలు తయారయ్యే పదార్థమే అది. పేగు చివరనే ఎందుకు వెతికారంటే, బోనులో పడ్డాక మింగింది ముందు భాగంలో ఉంటుంది. చివరి దాకా చేరిందంటే సముద్రం అడుగున బతికుండగా తిన్నదే.

ఒకే జీవిలో ఒకే పోగు. దీన్నిబట్టి ఆ జాతికి ముప్పు ముంచుకొచ్చిందనడం అతి అవుతుంది. ప్రచారం కోసం పేరు పెట్టారని కొట్టిపారేయడమూ సరికాదు. అంతకు ముందే, 2019లో జేమీసన్ బృందం పసిఫిక్ చుట్టూ ఉన్న ఆరు అగాధాల్లో 90 ఆంఫిపాడ్‌లను పరీక్షిస్తే 65 జీవుల కడుపులో కృత్రిమ పోగులో రేణువులో దొరికాయి. 2017లో మరియానాలోని మరో ఆంఫిపాడ్‌లో, ఎప్పుడో నిషేధించిన పీసీబీ రసాయనాలు బయటపడ్డాయి. కాలుష్యానికి పేరుమోసిన చైనా లియావో నది నీళ్లతో సాగయ్యే వరి మళ్లలోని పీతల కంటే వీటిలో 50 రెట్లు ఎక్కువ! నియమాల ప్రకారం ఒకసారి చెల్లిన పేరు, అర్థం నచ్చలేదని మార్చడానికి లేదు. రేపు సముద్రాలు శుభ్రపడినా ఇది ప్లాస్టికస్‌గానే ఉంటుంది.

ఈ జాతుల లెక్క మన దేశానికీ అవసరమే. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర బహుళ లోహ ముద్దల అన్వేషణ హక్కు భారత్‌కు ఉంది. 2021లో కేంద్రం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ లక్ష్యాల్లో ఆ ముద్దలను పైకి తెచ్చే సాంకేతికతతో పాటు లోతు సముద్రపు జీవజాలం అధ్యయనం కూడా ఉంది. సముద్రం అడుగును గీకితే అక్కడి జీవికి ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు, ఆ జీవి ఏ జాతిదన్న దాని మీద ఆధారపడుతుంది. అన్ని సముద్రాల్లోనూ ఉన్న గ్రిల్లస్ అనుకుంటే ఒక చోట పోయినా ఫరవాలేదనిపిస్తుంది. అక్కడ తప్ప మరెక్కడా లేని జాతి అయితే ఆ మాట అనలేం.

లెక్క ఇంకా పూర్తి కాలేదు. 2021లో అదే వెస్టన్ బృందం దక్షిణ అమెరికా పశ్చిమ తీరంలోని అటకామా అగాధం నుంచి యూరిథెనీస్ అటకామెన్సిస్ అనే మరో జాతిని వర్ణించింది. అప్పటిదాకా దాన్ని కూడా గ్రిల్లస్ బాపతుగానే చూశారు.