కాలం దాటేసిన సిపాయిలు

అమెరికా రచయిత జో హాల్డ్‌మన్ 1974లో 'ది ఫరెవర్ వార్' అనే నవల వెలువరించాడు. అందులో విలియం మండెల్లా అంతరిక్ష యుద్ధానికి వెళ్లి తిరిగొచ్చేసరికి అతనికి గడిచింది రెండేళ్లే, భూమ్మీద మాత్రం పాతికేళ్లు దాటాయి. గారడీ కాదిది. వేగం పెరిగేకొద్దీ ప్రయాణించేవాడి గడియారం నెమ్మదిస్తుందని 1905లోనే ఐన్‌స్టీన్ చెప్పాడు. కాంతి వేగంలో 99.5 శాతం వేగంతో తన గడియారం లెక్కన ఏడాది తిరిగొస్తే ఇంటిదగ్గర పదేళ్లవుతుంది. మనవాళ్లకు ఇదేమంత వింత? కకుద్మి మహారాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి, గంధర్వగానం ముగిసేదాకా ఆగితే కింద ఇరవై ఏడు మహాయుగాలు దొర్లిపోయాయని భాగవతం చెబుతుంది.

కకుద్మికి బలరాముడి వంటి అల్లుడు దొరికాడు. మండెల్లాకు మాత్రం పేరుకుపోయిన జీతం తప్ప తనదనుకునే లోకం మిగల్లేదు. ఇమడలేక మళ్లీ సైన్యంలోనే చేరాడు. హాల్డ్‌మన్ స్వయంగా వియత్నాంలో గాయపడి వచ్చినవాడు కాబట్టి ఈ ఘట్టంలో ఊహకంటే అనుభవమే ఎక్కువనిపిస్తుంది. ఇంకో చిక్కూ ఉంది: ఎదురయ్యే శత్రువు ఏ కాలం నుంచి బయల్దేరాడో తెలియదు. మన తుపాకీ కొత్తదే, వాడి ఆయుధం మాత్రం మనం ఇంకా చూడని కాలానిది కావచ్చు.

సున్నిపెంట నుంచి నల్లమల దిగి, నంద్యాల దాటి ఆళ్లగడ్డ వైపు వస్తే అంతరిక్ష నౌక అవసరం లేని ఇలాంటి సిపాయిలే చరిత్రలో కనిపిస్తారు. వాళ్లే కట్టుబడులు. పాలెగాళ్ల దగ్గర కాపలాకూ కొట్లాటకూ నిలబడి, జీతానికి బదులు ఇనాం భూమి అనుభవించారు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక పాలెగాళ్ల అధికారం పోయి పింఛన్లు మిగిలాయి. కట్టుబడులు ఊళ్లోనే ఉన్నారు, వాళ్ల కొలువుకు అర్థమిచ్చిన కాలం మాత్రం వెళ్లిపోయింది. తర్వాత సర్కారు ఆ ఇనాముల మీదే చెయ్యి వేసింది. 1846లో పాలెగాళ్ల వంశంవాడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడి కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన వెంట ఎక్కువగా నడిచింది వీళ్లే. మరుసటి ఏడు ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీశారు.

ఆ తిరుగుబాటును పింఛను తగాదాగా మాత్రమే చూసేవాళ్లున్నారు. నాకది చాలదనిపిస్తుంది. పింఛను రెడ్డిది. కట్టుబడులకు పోయింది భూమీ, దాంతోపాటు ఊళ్లో తామెవరో చెప్పే కొలువూ. మండెల్లాకైనా తిరిగి చేరడానికి ఒక సైన్యం ఉంది.