బ్రేకు మనది, కాలు పరాన్నజీవిది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో సింగపూర్‌ను మలేరియా రహిత దేశంగా గుర్తించినా, అనాఫిలిస్ దోమలు అక్కడ అంతరించలేదు, బయటి దేశాల్లో మలేరియా అంటించుకుని వచ్చేవారి రాకా ఆగలేదు. పైగా 2007లో అడవిలో శిక్షణ పొందిన ఒక సైనికుడిలో కోతులకు సోకే మలేరియా క్రిమి ప్లాస్మోడియం నోలెసీ బయటపడింది. మలేరియా లేని నగరంలో మలేరియా పరిశోధన ముమ్మరంగా సాగడం అందుకే వింత కాదు.

మలేరియా క్రిమి మన రోగనిరోధక వ్యవస్థను ఎలా తప్పించుకుంటుందన్నది ఆ పరిశోధనలో ఒక ప్రశ్న. వైరస్ సోకిన కణం తన లోపలి ప్రోటీన్ల తునకలను హెచ్‌ఎల్‌ఏ అనే అణువులపై పెట్టి పైకి చూపుతుంది, వాటిని గుర్తుపట్టిన టి-కణాలు దాన్ని చంపుతాయి. పరిణతి చెందిన ఎర్ర రక్తకణానికి కేంద్రకమూ లేదు, హెచ్‌ఎల్‌ఏ కూడా దాదాపు లేదు. కాబట్టి మలేరియా క్రిమికి అంతకన్నా మంచి దాపు దొరకదు. అయితే ప్లీహంలో చిక్కకుండా రక్తనాళాల గోడలను పట్టుకుని ఉండాలంటే అది కొన్ని ప్రోటీన్లను కణం పైకి పంపక తప్పదు. సింగపూర్–ఎంఐటీ పరిశోధన కూటమి ‘స్మార్ట్’ శాస్త్రవేత్తలు మానవ రక్తకణాలను మోసే ఎలుకలపై చేసి 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఎన్‌కే కణాలు (ముందస్తు పరిచయం లేకుండానే రోగగ్రస్త కణాలను చంపే తెల్లకణాలు) సోకిన ఎర్రకణాలను పట్టి హతమార్చడం, ఎన్‌కే కణాలను తొలగిస్తే క్రిములు పెరగడం కనిపించాయి. సోకిన కణాలు విడిచే సూక్ష్మ తిత్తుల్లోని క్రిమి ఆర్‌ఎన్‌ఏను ఎండీఏ5 అనే ప్రోటీన్ పసిగట్టడం వల్లనే ఎన్‌కే కణాలు మేల్కొంటాయనీ, ఆ ప్రోటీన్ తక్కువగా ఉన్నవారిలో అవి మందకొడిగా ఉంటాయనీ 2018లో వారే తేల్చారు.

ఈ దాడిని మొద్దుబార్చే క్రిమి ఉపాయాన్ని ఒసాకా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెల్లడించారు. కణంలో సంకేతం నడవడమంటే ప్రధానంగా కైనేజ్ ఎంజైములు ప్రోటీన్లకు ఫాస్ఫేట్లను అతికిస్తూ ఒకదాని తర్వాత ఒకదాన్ని ఉత్తేజపరచడమే. ఆ ఉద్రేకం సొంత కణజాలాన్ని దెబ్బతీయకుండా ఎస్‌హెచ్‌పి-1 అనే ఎంజైము ఫాస్ఫేట్లను తీసివేస్తూ బ్రేకు వేస్తుంది. కొన్ని ఎన్‌కే కణాలపై ఉండే ఎల్‌ఐఎల్‌ఆర్‌బి1 అనే గ్రాహకం ఆరోగ్యకరమైన కణం హెచ్‌ఎల్‌ఏను తాకినప్పుడు ఈ బ్రేకు పడుతుంది. ప్లాస్మోడియం ఫాల్సిపేరమ్ అనే మలేరియా క్రిమి ఎర్రకణం పైకి పంపే రిఫిన్ ప్రోటీన్లలో కొన్ని హెచ్‌ఎల్‌ఏకు బదులుగా అదే గ్రాహకానికి అతుక్కుని, చంపడానికి వచ్చిన కణాన్ని చల్లబరుస్తాయి.

మలేరియాతో చుట్టరికం లేని కాలా అజార్ క్రిమి కూడా ఎస్‌హెచ్‌పి-1 ఎంజైమునే ఎంచుకోవడం గమనించదగినది. చార్లెస్ డోనోవన్ 1903లో మద్రాసు రోగుల్లో చూసిన ఈ లీష్మానియా, భక్షక కణంలోనే నివసిస్తూ, జీపీ63 అనే కోత ఎంజైముతో ఎస్‌హెచ్‌పి-1ను చైతన్యపరచి, ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ ఇచ్చే ‘క్రిమిని చంపు’ అన్న ఆదేశం కేంద్రకం చేరకుండా చేస్తుంది. ఆదేశం బయట ఎంత గట్టిగా వినిపించినా లోపల అమలు కాదు.

మళ్ళీ మలేరియాకు వస్తే, రిఫిన్లకు ఫాల్సిపేరమ్‌లో దాదాపు 150 జన్యువులున్నాయి, ఆ క్రిమి వాటిని మార్చి మార్చి వాడుతుంది గనుక ఒక రూపానికి తయారైన ప్రతిరక్షకం మరో రూపానికి పనికిరాకపోవచ్చు. అయినా కొందరు ఆఫ్రికా వాసుల బి-కణాలు, బ్రేకు వేసే మరో గ్రాహకమైన ఎల్‌ఏఐఆర్1 జన్యు భాగాన్ని తమ ప్రతిరక్షక జన్యువులోకి చొప్పించుకుని, దానితో అనేక రకాల రిఫిన్లను పట్టుకుంటున్నాయని 2016లో తెలిసింది.