షికాగో చూసొద్దాం... మనిద్దరమే!

అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నలను ఊళ్లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న... 'ఏమేం చూసొచ్చిండ్రు?' చాలామంది జవాబు ఒకటే. మనవడిని చూశారు. వంటిల్లు చూశారు. కిటికీలోంచి మంచు చూశారు. శనివారం గుడి, ఆదివారం కిరాణా కొట్టు. ఆరు నెలలు ఉండి కూడా పక్కనే ఉన్న మహానగరంలో ఒక్క పూట తిరగకుండానే తిరుగు విమానం ఎక్కేసినవాళ్లు ఎందరో! పిల్లల తప్పు కాదది. వాళ్లకు సెలవులు తక్కువ. పెద్దవాళ్లకు మొహమాటం ఎక్కువ. 'మాకెందుకు నాయినా ఖర్చు' అనే ఒక్క మాటతో ప్రయాణం ఆగిపోతుంది.

మరి, ఆ నగరాన్ని చూడటానికే వెళ్తే? పిల్లల చదువులు, పెళ్లిళ్లు, బ్యాంకు అప్పులు అన్నీ తీరాక, ముప్ఫయ్యేళ్ల కాపురంలో మొదటిసారి భార్యాభర్తలిద్దరూ తమకోసమే ఓ నాలుగు రోజులు తీసుకుంటే?

కామారెడ్డి జిల్లా బిచ్కుంద నుంచే మొదలుపెడదాం. ఓ పక్క మంజీర. కాస్త అటు పోతే మహారాష్ట్ర, ఇంకాస్త పక్కకు జరిగితే కర్ణాటక. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ, అవసరమైతే హిందీ, ఉర్దూ... ఇక్కడివాళ్లకు కొత్త భాష మధ్య నెగ్గుకురావడం కొత్తేం కాదు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో విదేశం అంటే గల్ఫే. కూలి కోసం, అప్పు తీర్చడం కోసం విమానం ఎక్కినవాళ్లే ఎక్కువ. చూడ్డానికని విమానం ఎక్కడం మాత్రం ఇప్పటికీ వింతే.

స్వామీజీ పడ్డ పాట్లు

షికాగోనే ఎందుకంటే, ఆ పేరు మన పల్లెల్లో బడికి వెళ్లిన ప్రతివాళ్లకూ తెలుసు. వివేకానందుడి పుణ్యం. ఆయన షికాగో ప్రయాణానికీ మన గడ్డకూ ఓ బంధం ఉంది. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్‌ మహబూబ్‌ కళాశాలలో మాట్లాడుతూ, తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్లదలచుకున్నదీ చెప్పారాయన. ఆ మే నెల చివరి రోజున బొంబాయిలో ఓడ ఎక్కారు.

ఆ తర్వాతి కథ ప్రయాణాలు చేసే ప్రతివాళ్లూ చదవాల్సిందే. జులై చివర్లో షికాగో చేరాక తెలిసింది... సర్వమత సభ సెప్టెంబరులో గానీ మొదలవదని! పరిచయ పత్రం లేనిదే ప్రతినిధిగా రానివ్వరని! పేర్ల నమోదు గడువూ అయిపోయిందని! చేతిలో డబ్బు మంచులా కరిగిపోతుంటే ఖర్చు తక్కువని బోస్టన్‌ వైపు వెళ్లారు. అక్కడ హార్వర్డ్‌ ఆచార్యుడు జాన్‌ హెన్రీ రైట్‌ సాయంతో తిరిగి షికాగో వచ్చారు. తీరా వచ్చాక చేరాల్సిన చిరునామా పోగొట్టుకున్నారు. ఆ రాత్రి రైల్వే యార్డులోని ఓ పెట్టెలో తలదాచుకున్నారు. మర్నాడు అలసిపోయి దారి పక్కన కూర్చుంటే ఎదురింటి శ్రీమతి హేల్‌ చూసి ఆదరించబట్టి సరిపోయింది.

తేదీలు, కాగితాలు, డబ్బు, చిరునామా. నూట ముప్ఫయ్యేళ్లు దాటినా షికాగో వెళ్లేవాళ్లు సరిచూసుకోవాల్సినవి ఆ నాలుగే.

రోహిణి కార్తెలో ప్రయాణం

ముందు తేదీలు. షికాగో చలి మామూలుది కాదు. 2019 జనవరి 30న అక్కడ సున్నాకు దిగువన 30 డిగ్రీలు దాటింది. నవంబరు నుంచి మార్చి దాకా మన పెద్దవాళ్లు అటువైపు చూడకపోవడమే మంచిది. తిరగడానికి బాగుండేది మే నుంచి అక్టోబరు దాకా. సరిగ్గా అప్పుడే ఇక్కడ సేద్యం పని! జూన్‌లో తొలకరి పడితే సోయా, పెసర, మినుము విత్తుకోవాలి. ఆపైన కలుపు, మందులు. సెప్టెంబరు చివరికల్లా సోయా కోతకొస్తుంది. పొలం ఉన్న ఇంట్లో 'సెలవు' అనే మాటకు చోటేదీ?

చోటుంది, మే నెలలో. యాసంగి వడ్లు అమ్ముడయ్యాక, తొలకరి పడకముందు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలు ఇక్కడుంటే, అక్కడ పగటి వేడి ఇరవై డిగ్రీల చుట్టుపక్కలే. మే రెండోవారంలో బయల్దేరి మృగశిర నాటికి ఇల్లు చేరుకుంటే విత్తనాల పనికి అడ్డు రాదు. మే చివరి సోమవారం అక్కడ మెమోరియల్‌ డే. ఆ వారాంతం సెలవులతో నగరం కిక్కిరిసిపోతుంది. హోటళ్ల ధరలు చుక్కలు చూపిస్తాయి. కాబట్టి అంతకు ముందే, అదీ శనాదివారాలు కాకుండా మామూలు రోజుల్లో ఊరు చూడటం మేలు.

కాగితాల సంగతి

మే ప్రయాణానికి ముందు ఏడాదే పని మొదలుపెట్టాలి. పాస్‌పోర్టుకు నిజామాబాద్‌లోనే సేవాకేంద్రం ఉంది. వీసాకు హైదరాబాద్‌ వెళ్లాలి. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్‌ తెరిచేదాకా తెలుగువాళ్లు ఈ పనికి చెన్నై రైలెక్కాల్సి వచ్చేది. 2023 మార్చిలో కాన్సులేట్‌ నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలోకి మారింది. పర్యాటక వీసా ఫీజు మనిషికి 185 డాలర్లు. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. జంటకు ముప్ఫై వేల రూపాయల పైమాటే.

అందుకే ఇంటర్వ్యూ అంటే గుండె దడ. దరఖాస్తుదారు తిరిగి సొంత దేశానికి వస్తాడన్న నమ్మకం అధికారికి కుదరాలి. ఆ నమ్మకం కలిగించాల్సిన భారం మనదే. పట్టాదారు పాసుపుస్తకం, పింఛను కాగితాలు, పిల్లల ఉద్యోగ పత్రాలు దగ్గరుంచుకోవాలి. అడిగితేనే చూపించాలి. చాలాసార్లు కాగితం ముట్టుకోకుండా రెండు మూడు ప్రశ్నలతోనే తేల్చేస్తారు. తెలుగులో మాట్లాడతామంటే మాట్లాడొచ్చు. ఎవరో నేర్పిన ఇంగ్లిషు జవాబులు వల్లించడం కన్నా అదే నయం. ఎందుకు వెళ్తున్నారంటే 'షికాగో చూడ్డానికి, పిల్లల దగ్గర నెల రోజులు ఉండటానికి' అనడం చాలు. ఆ మాట నిజం కూడా అయ్యుండాలి, అంతే! ఏజెంటు మాట విని దరఖాస్తులో లేనిపోనివి రాయిస్తే మాత్రం ఈ ఒక్క ప్రయాణమే కాదు, ముందు ముందు అవకాశాలూ పోతాయి.

ఇంకో మాట. వీసా పదేళ్లకు ఇచ్చినా ఒక్కో విడత ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది అక్కడి విమానాశ్రయంలోని అధికారే. ఆ గడువు తేదీని పిల్లలతో నెట్‌లో చూపించుకుని రాసిపెట్టుకోవాలి.

ఆవకాయ సరే, కరివేపాకు వద్దు

బిచ్కుంద నుంచి శంషాబాద్‌కు సిటీ రద్దీలో చిక్కుకోనక్కర్లేదు. పిట్లం మీదుగా జాతీయ రహదారి పట్టుకుని సంగారెడ్డి దాటాక పటాన్‌చెరు దగ్గర అవుటర్‌ రింగ్‌రోడ్డు ఎక్కితే నేరుగా విమానాశ్రయమే. అక్కణ్నుంచి మధ్యలో ఒక చోట విమానం మారి షికాగో ఓహేర్‌ చేరడానికి ఇరవై గంటలకు పైనే పడుతుంది. మోకాళ్ల నొప్పులుంటే టికెట్‌ తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని రాయించాలి. దానికి వేరే రుసుము ఉండదు. భాష రానివాళ్లకు విమానం మారేచోట ఆ కుర్చీ తోసే మనిషే పెద్ద దిక్కు.

సకినాలు, ఆవకాయ పట్టుకెళ్లొచ్చు. కరివేపాకు, బియ్యం, పండ్లు, మాంసం పచ్చళ్లు మాత్రం అక్కడి తనిఖీలో చెత్తబుట్ట పాలే. తెచ్చిన తిండి గురించి అడిగితే దాచకూడదు, చెబితే జరిమానా బాధ ఉండదు. బీపీ, షుగరు మందులు ప్రయాణం మొత్తానికీ సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి.

పైసా వెనకాడకూడనిది ఆరోగ్య బీమా. కొడుక్కి కంపెనీ ఇచ్చే బీమా సాధారణంగా అమ్మానాన్నలకు వర్తించదు. అక్కడ అంబులెన్సు ఎక్కితేనే వేలల్లో బిల్లు. గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరితే ఇక్కడ పొలం అమ్మినా తీరకపోవచ్చు. పాత జబ్బులకు వర్తిస్తుందా, లేదా... కొనే ముందు ఆ ఒక్క సంగతి గుచ్చి గుచ్చి అడగాలి.

నాలుగు రోజులు, రెండు రాత్రులు

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా నేపర్‌విల్‌, అరోరా, షాంబర్గ్‌ లాంటి శివారు ఊళ్లలో ఉంటాయి. అరోరా, నేపర్‌విల్‌ నుంచి మెట్రా రైలు ఎక్కితే నేరుగా నగరం నడిబొడ్డున యూనియన్‌ స్టేషన్‌లో దిగొచ్చు. రోజూ వెళ్లి రావచ్చు గానీ, రెండు రాత్రులైనా ఊళ్లో హోటల్లో ఉంటే ఆ సంబరమే వేరు. గది అద్దె మీద 17 శాతానికి పైగా పన్ను పడుతుందని ముందే లెక్కేసుకోవాలి. హోటల్‌ చిరునామా, పిల్లల ఫోన్‌ నంబరు కాగితం మీద రాసి ఇద్దరి జేబుల్లోనూ పెట్టుకోవాలి. స్వామీజీ సంగతి గుర్తుందిగా!

మనకూ వాళ్లకూ మేలో పదిన్నర గంటల తేడా. కాబట్టి దిగగానే ఊరి మీద పడకుండా మూడు నాలుగు రోజులు ఇంట్లోనే గడపాలి. తర్వాత మొదటిరోజు యూనియన్‌ స్టేషన్‌కు నాలుగడుగుల దూరంలోని విల్లిస్‌ టవర్‌. 110 అంతస్తులు, 442 మీటర్లు. 1973 నుంచి పాతికేళ్ల పాటు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం ఇదే. గాలికి ఊగిపోకుండా తొమ్మిది గొట్టాలను కట్టగట్టినట్లు దీన్ని నిలబెట్టే ఉపాయం చెప్పింది ఢాకాలో పుట్టిన ఇంజినీరు ఫజ్లుర్‌ రహ్మాన్‌ ఖాన్‌. 103వ అంతస్తులో గోడ బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెలున్నాయి. అందులో నిలబడి కిందికి చూస్తే కార్లు చీమల్లా కనిపిస్తాయి. కళ్లు తిరిగేవాళ్లు ఇవతలే నిలబడి ఫొటో తీస్తే చాలు.

మర్నాడు పొద్దున్నే మిలీనియం పార్కు, పైసా ఖర్చు లేదు. అక్కడ అద్దంలా మెరిసే పే...ద్ద చిక్కుడుగింజ ఉంటుంది. చేసింది ముంబయిలో పుట్టిన శిల్పి అనీశ్‌ కపూర్‌. ఆకాశం, భవనాలు, చూడొచ్చిన మనం... అన్నీ అందులో వంకర్లు తిరిగి కనిపిస్తాయి. పక్కనే ఆర్ట్‌ ఇన్‌స్టిట్యూట్‌. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడింది ఈ భవనంలోనే. ఆనాటి సభామందిరం ఇప్పుడు లేదు. కానీ భవనం ముందున్న మిషిగన్‌ అవెన్యూ భాగానికి ఆయన పేరుతో గౌరవ ఫలకం ఉంది. దాని కింద నిలబడి తీసుకునే ఫొటో కోసమే వచ్చేవాళ్లున్నారు. ఏ రోజు సెలవో చూసుకుని వెళ్లాలి.

ఆ మధ్యాహ్నం పడవ ఎక్కాలి. గంటన్నర సేపు నదిలో తిప్పుతూ రెండు ఒడ్డులా ఉన్న భవనాల కథలు చెబుతారు. 1871లో మూడురోజుల అగ్నిప్రమాదంలో సుమారు లక్షమంది నిలువనీడ లేనివాళ్లయ్యారు. ఆ బూడిదలోంచే ఈ ఊరు లేచింది. పడవ వెళ్లే నదిదీ ఓ వింతే. ఊరి మురుగు తాగునీటి సరస్సులో కలుస్తోందని 1900లో కాలువ తవ్వి నదిని వెనక్కి ప్రవహించేలా చేశారు! నిజాంసాగర్‌ కాలువల కింద సేద్యం ఎరిగినవాళ్లకు ఈ ముచ్చట ఇట్టే అర్థమవుతుంది.

మూడోరోజు ఆ సరస్సు దగ్గరికే. పేరుకు సరస్సు గానీ మిషిగన్‌ విస్తీర్ణం 58 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం! అలలుంటాయి, ఇసుక ఉంటుంది, అవతలి ఒడ్డు కనిపించదు. నోట్లో పోసుకుంటే మాత్రం ఉప్పుండదు. ఒడ్డున 1927 నాటి బకింగ్‌హామ్‌ ఫౌంటెన్‌ చీకటి పడ్డాక రంగుల్లో ఎగురుతుంది.

నాలుగోరోజు పిల్లలనూ వెంటబెట్టుకుని డెవాన్‌ అవెన్యూ. చీరలు, మిఠాయిలు, దోశెలు... సగం ఆబిడ్స్‌లా ఉంటుంది. అమెరికా అంతటా కనిపించే పటేల్‌ బ్రదర్స్‌ దుకాణం 1974లో మొదలైంది ఈ వీధిలోనే. తిరుగుదారిలో అరోరా వెంకన్న దర్శనం.

రెండోరోజు సాయంత్రానికి ఒకటి దాచిపెట్టాలి. పడవ దిగాక నేవీపియర్‌ దాకా టాక్సీలో వెళ్తే అక్కడ సుమారు 60 మీటర్ల ఎత్తు జెయింట్‌వీల్‌ ఉంది. మన జాతరల్లో తిరిగే ఈ చక్రం పుట్టింది షికాగోలోనే. వివేకానందుడు వెళ్లిన ఏడాది జరిగిన ప్రపంచ ప్రదర్శనలో జార్జ్‌ ఫెర్రిస్‌ అనే ఇంజినీరు మొదటిదాన్ని నిలబెట్టాడు. ఇప్పటి చక్రానికి అన్నీ మూసిన గదులే, గాలి కొట్టదు, మెల్లగా తిరుగుతుంది. ఓ పక్క సరస్సు, ఇంకోపక్క వెలుగుతున్న మేడలు. జాతరలో ఎన్నడూ ఎక్కనని మొండికేసిన ఇల్లాలైనా ఇక్కడ ధైర్యంగా ఎక్కొచ్చు.