ఇరవై ఏళ్ల తర్వాతి దగ్గుకు ఈరోజు ధరెంత?

కోలార్ బంగారు గనుల ప్రాంతం కేజీఎఫ్‌లో, సైనైడ్‌తో బంగారం తీశాక పోసిన 13 సైనైడ్ దిబ్బల్లో మిగిలిన బంగారం తీయాలన్న కేంద్ర ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది. ఈదురుగాలి వీస్తే అక్కడి రాబర్ట్‌సన్‌పేట వైపు దుమ్ము లేచేది ఈ దిబ్బల మీద నుంచే. బంగారం ఎంతొస్తుందో అందరూ లెక్కగడుతున్నారు. ఊపిరితిత్తుల లెక్క ఎలా కడతారు?

ముందు ఆ దుమ్ముతో వచ్చే జబ్బు, సిలికోసిస్ సంగతి. రాయిని తొలిస్తే లేచే సిలికా రేణువుల్లో 5 మైక్రాన్లకన్నా చిన్నవి ఊపిరితిత్తుల లోతట్టు గాలి గదుల దాకా పోతాయి. అక్కడి రక్షక కణం రేణువును మింగి, అరిగించుకోలేక చనిపోతుంది. బయటపడ్డ రేణువును ఇంకో కణం మింగుతుంది. కణాలు చచ్చినచోట మచ్చ కడుతుంది. పని మానేసినా ఇది ఆగదు. 1947 నాటి నివేదిక ప్రకారం కోలార్ గనుల్లో పరీక్షించిన కార్మికుల్లో 43.7 శాతం మందికి సిలికోసిస్ ఉంది.

ఈ జబ్బు తరచుగా పది, ఇరవై ఏళ్లకు గానీ బయటపడదు. ఆ ఆలస్యమే లెక్కను తారుమారు చేస్తుంది. రేపటి రూపాయిని ఆర్థికవేత్తలు ఏటా కొంత శాతం తగ్గించి చూస్తారు, దాన్నే డిస్కౌంటు రేటు అంటారు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక కార్మికుడికి లక్ష రూపాయల వైద్యం కావాలనుకుందాం. 10 శాతం రేటు వేస్తే ఈరోజు దాని విలువ 15 వేలు కూడా ఉండదు. దుమ్ము అణచే నీటి ఏర్పాటుకు మనిషికి 20 వేలు అవుతుందంటే, అది దండగని తేలుతుంది. 3.5 శాతం వేయండి, లక్ష విలువ 50 వేలు. 1.5 శాతమైతే 74 వేలు. అదే మనిషి, అదే దగ్గు. ఇప్పుడు నీటి ఏర్పాటే లాభం!

బ్రిటన్‌లో మందుల విలువ తేల్చే నైస్ సంస్థ ఈ రేటును 1.5 శాతానికి దించాలా అని చర్చించి, 2022లో 3.5 దగ్గరే ఉండిపోయింది. నా దృష్టిలో అది తప్పు నిర్ణయం.

ముప్పు ధర కూలిలోనే ముడుతుందనే వాదనా ఉంది. ఆరోగ్యం చెడగొడతాయని తెలిసిన పనులకు కూలి ఎక్కువే ఉంటుందని ఆడమ్ స్మిత్ 1776లో రాశాడు. కానీ చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి బతుకుతెరువుకు కోలార్ గనులకు వచ్చిన మనిషికి ఇరవై ఏళ్ల తర్వాతి తన ఎక్స్‌రే ముందే ఎలా తెలుస్తుంది? ఇలా తెలియని ముప్పు కెనడాలో ఇంకా ఘోరం. సిలికోసిస్ రాకుండా కాపాడుతుందని ఒంటారియో గనుల్లో 1943 నుంచి 1979 దాకా కార్మికులతో అల్యూమినియం పొడి పీల్పించారు. వాళ్లకు పార్కిన్సన్స్ ముప్పు పెరిగిందని 2020లో తేలింది.

కోలార్ గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. గని మూతపడ్డాక బయటపడే జబ్బు గని పద్దుల్లోకి ఎక్కదు. అందుకే దిబ్బలు తవ్వే సంస్థ ఏ డిస్కౌంటు రేటు వాడిందో ముందే బయటపెట్టాలి. పని మానేశాక ఇరవై ఏళ్ల దాకా ఎక్స్‌రేలకు, వైద్యానికి అయ్యే డబ్బు మొదటి బండెడు మట్టి తీయకముందే డిపాజిట్ చేయాలి. కేజీఎఫ్ వాసులారా, ఆ రెండూ రాతపూర్వకంగా అడగండి.